వాల్వు హామ్ రేడియోలు: క్లబ్బు సెట్టు తెచ్చుకుని నడపడం

వ్యాపారం కోసం కాకుండా నేర్చుకోవడానికీ, దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడటానికీ, ఆపద వేళ కబురు అందించడానికీ ప్రభుత్వ లైసెన్సు తీసుకుని ఇంట్లోనే నడుపుకునే వైర్‌లెస్ కేంద్రాన్ని ఔత్సాహిక రేడియో కేంద్రం అంటారు. వాడుకలో అది హామ్ రేడియో. ట్రాన్సిస్టర్లు రాకముందు దశాబ్దాల పాటు ఈ కేంద్రాలు గాజు వాల్వులతో నడిచేవి. 1970ల దాకా తయారైన అలాంటి సెట్లు ఇప్పటికీ చాలా దేశాల్లో పనిచేస్తున్నాయి. వాటిలో కొన్నిటికి ఇప్పుడు సొంత యజమాని అంటూ లేడు. అవి క్లబ్బు ఆస్తి. సభ్యులు కొన్నాళ్లు తీసుకెళ్లి నడుపుకుని తిరిగి అప్పగిస్తారు, లేదా క్లబ్బు గదిలోనే కూర్చుని నడుపుతారు. వాల్వు సెట్టు బతకడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసిన సెట్టులో కండెన్సర్లు ఎండిపోతాయి, స్విచ్చుల మొనలు నల్లబడతాయి, పదేళ్ల తర్వాత దాన్ని వెలిగించబోతే పొగ వస్తుంది. నెలకు ఒకసారైనా వేడెక్కే సెట్టు దశాబ్దాలు నిలుస్తుంది.

క్లబ్బులకూ వాల్వులకూ ఉన్న సంబంధం మొదటినుంచీ ఉన్నదే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హైరం పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరుకు 1914 ఏప్రిల్‌లో ఒక ఆడియాన్ వాల్వు కావలసివచ్చింది. అది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక హామ్ దగ్గర ఉందని తెలిసింది. సుమారు 40 కిలోమీటర్ల దూరమే అయినా తన ట్రాన్స్‌మిటర్ అక్కడిదాకా అందలేదు. మధ్యలో ఉన్న విండ్సర్ లాక్స్‌లోని మరో హామ్ ఆ సందేశం అందుకుని ముందుకు పంపాడు. ఇలా ఒకరి మాట ఇంకొకరు చేరవేసే ఏర్పాటు పద్ధతి ప్రకారం ఉండాలన్న ఆలోచనతో అదే ఏడాది అమెరికన్ రేడియో రిలే లీగ్ పుట్టింది. ప్రపంచంలోని పెద్ద హామ్ సంఘాల్లో ఒకటి మొదలైంది ఒక్క వాల్వు దొరక్కపోవడం వల్ల.

వాల్వు సెట్టు లోపల

గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక హీటరు, దాని చుట్టూ కాథోడు, మధ్యలో గ్రిడ్ తీగలు, బయట ప్లేటు ఉంటాయి. హీటరు ఎర్రగా కాలితే కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరతాయి. ప్లేటుకు ఎక్కువ వోల్టేజి ఇస్తే అవి అటు పరుగెడతాయి. నడుమ గ్రిడ్ మీద చిన్న సంకేతం పెడితే ఆ పరుగు హెచ్చుతగ్గులవుతుంది. చిన్న సంకేతం పెద్దదవడం ఇలాగే. 1906లో లీ డి ఫారెస్ట్ ఈ గ్రిడ్‌ను చేర్చాకే వాల్వుతో ఇలా పెద్దది చేయడం సాధ్యమైంది.

వాడేవాడు గుర్తుంచుకోవలసిన అంకెలు రెండే. హీటరుకు ఎక్కువగా 6.3 వోల్టులు, ప్లేటుకు వందల వోల్టులు. తరతరాల హామ్‌లు వాడిన 807 వాల్వుకు మోర్సు పంపేటప్పుడు ప్లేటు మీద 600 వోల్టులు, 100 మిల్లీయాంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు. వాల్వు సెట్టు గురించి ఏ క్లబ్బులోనైనా మొదటి పాఠం రేడియో తరంగాల గురించి కాదు, ఈ 600 వోల్టుల గురించే.

మన దేశానికి ఎలా వచ్చాయి

భారతదేశంలో తొలి హామ్ లైసెన్సు 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తుకు దక్కింది. 1930ల నడుమ నాటికి కూడా దేశం మొత్తం మీద లైసెన్సున్నవారు యాభై మంది లోపే. 1939లో యుద్ధం మొదలవగానే ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమని అందరికీ ఉత్తర్వులు వెళ్లాయి. ఆ నిషేధ కాలంలోనే, 1942 ఆగస్టు 27న, బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా కాంగ్రెస్ రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. ట్రాన్స్‌మిటర్ కట్టింది నరిమన్ ప్రింటర్. షికాగో రేడియో సంస్థకు చెందిన నానిక్ మోత్వానీ సామగ్రి సమకూర్చాడు. ఆ రేడియో తనను తాను 42.34 మీటర్ల కేంద్రమని ప్రకటించుకునేది. లెక్క వేస్తే అది సుమారు 7.08 మెగాహెర్ట్జ్. ఈ రోజు మన హామ్‌లు మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండులోనే పడుతుంది. పాత వాల్వు ట్రాన్స్‌మిటర్‌ను ఆ బ్యాండు మీద వెలిగించే ప్రతి తెలుగు హామ్‌కూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిన సామాను డిస్పోజల్స్ పేరుతో వేలానికి వచ్చింది. విమానాల్లోని బీసీ-348 రిసీవర్లు, బ్రిటిష్ బాంబర్ల నుంచి తీసిన ఆర్1155లు, ఎఫ్‌టీ-243 క్రిస్టళ్లు, డబ్బాల కొద్దీ 807లు. స్వాతంత్ర్యానంతర తరం హామ్‌లకు ఇవే పెట్టుబడి. 1948 మే 15న మౌలోని స్కూల్ ఆఫ్ సిగ్నల్స్‌లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఆరంభమైంది. 1954లో అదే అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. 1954లోనే బెంగళూరులో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ తర్వాతి దశాబ్దంలో వాల్వుల తయారీ చేపట్టడంతో కనీసం రిసీవరు వాల్వులకు పరదేశం మీద ఆధారపడే అవస్థ తగ్గింది. విదేశీ సెట్టు కొనాలంటే మాత్రం దిగుమతి సుంకం సామాన్యుడికి అందేది కాదు. హామ్‌గా వీయూ2ఆర్‌జీ అన్న గుర్తుతో పలికిన రాజీవ్ గాంధీ హయాంలో, 1984 తర్వాత, ఆ సుంకం సడలింది. అప్పటిదాకా ఉన్న ఒక్క సెట్టునే నలుగురూ పంచుకోవడం తప్పనిసరి. మన దేశంలో క్లబ్బు సెట్టు పద్ధతి పాతవస్తువుల మీద మోజుతో కాక కరువుతో మొదలైందన్నమాట.

తెలుగునాట

ఉమ్మడిగా రేడియో వాడుకోవడం పల్నాటి ఊళ్లకు కొత్త కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక, పంచాయతీ రేడియో ముందు సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం వినడానికి ఊరు ఊరంతా చేరేది. తొలినాళ్ల పంచాయతీ సెట్లు వాల్వులవే. వెలిగాక గొంతు పలకడానికి అర నిమిషం పట్టేది. ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాల్సిన రోజులు 1980ల నడుమ దాకా సాగాయి.

హామ్ రేడియోకు తెలుగునాట పెద్ద దిక్కు హైదరాబాదు. 1983లో అక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపితమైంది. దాన్ని నిలబెట్టినవాడు వీయూ2ఎంవై గుర్తున్న ఎస్. సూరి. శిక్షణ తరగతులు, లైసెన్సు పరీక్షకు తయారు చేయడం, సంస్థ సెట్ల మీద అభ్యాసం, విపత్తుల్లో సంచార కేంద్రాలు దాని పనులు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, ఏళ్ల తరబడి హామ్ ప్రసారాలకు నోచుకోని అండమాన్ దీవుల నుంచి ప్రపంచాన్ని పలకరించసాగింది. 26వ తేదీ ఉదయం భూకంపం, ఆ వెంటే సునామీ. టెలిఫోన్లు మూగబోయిన దీవుల నుంచి క్షేమ సమాచారాలను బయటికి తెచ్చింది ఆ సెట్లే. అవి ఆధునిక ట్రాన్సిస్టర్ సెట్లు. అయినా ఈ వ్యాసానికి సంబంధం ఉంది: అవి వ్యక్తుల బీరువాల్లో కాకుండా సంస్థ చేతిలో, వాడకంలో ఉండబట్టే ఆ రోజు అందుబాటులో ఉన్నాయి.

బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదిక కేంద్రంగా నడిచే హామ్ బృందం మరో ధోరణికి ప్రతినిధి. అక్కడి అషర్ ఫర్హాన్ 2003లో రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్టు తక్కువ ఖర్చుతో ఇంట్లో కట్టుకోదగ్గదిగా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. వాల్వు సెట్టు పట్ల మక్కువ ఉన్నవారు దీన్ని పోటీగా చూడనక్కర్లేదు. చేత్తో కట్టినవాడికే 1950ల నాటి చాసిస్ తిప్పి చూసినప్పుడు ఏ తీగ ఎక్కడికి పోతోందో అర్థమవుతుంది.

సెట్టు చేతికి రావాలంటే

మొదట లైసెన్సు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్‌ను దగ్గర ఉంచుకోవడమే నేరం. కాబట్టి ఏ క్లబ్బూ లైసెన్సు లేని సభ్యుడికి ట్రాన్స్‌మిటర్ ఇంటికి ఇవ్వదు, ఇవ్వకూడదు. పన్నెండేళ్లు నిండినవారు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహించే పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. జనరల్‌కు మోర్సు కూడా రావాలి. క్లబ్బులకూ కళాశాలలకూ సొంత పిలుపు గుర్తుతో లైసెన్సు పొందే వీలుంది. అలాంటి కేంద్రంలో లైసెన్సున్న బాధ్యుడి ఎదుట మిగతావారు సాధన చేయవచ్చు.

పేరున్న క్లబ్బులు మెట్లవారీగా ఇస్తాయి. మొదట రిసీవరు ఒక్కటే. కొన్ని నెలలు విని, ఏ వేళకు ఏ బ్యాండు తెరుచుకుంటుందో, మనుషులు ఎలా పలకరించుకుంటారో తెలుసుకున్నాక ట్రాన్స్‌మిటర్. ఈ క్రమం ఎంత విసుగనిపించినా సరైనదే. చెవి తయారు కాకుండా కీ పట్టుకున్నవాడు తనకంటే ముందు మాట్లాడుకుంటున్నవారి మీద పడతాడు. ఇచ్చేటప్పుడు రిజిస్టరులో సెట్టు సంఖ్య, లోపలి వాల్వులు, ఫ్యూజు విలువ, గతంలో చేసిన మరమ్మతులు రాసుకుంటారు. సభ్యుడు తిరిగి ఇచ్చేటప్పుడు తాను ముట్టుకున్నదేమిటో అదే పుటలో రాయాలి. ఇరవై ఏళ్లు ఇలా నిండిన పుస్తకం ఆ సెట్టుకు కంపెనీ ఇచ్చిన మాన్యువల్ కన్నా విలువైనది.

ఏ సెట్టు ఇవ్వాలన్నది బరువు బట్టి కూడా ఉంటుంది. ఆర్‌సీఏ వారి ఏఆర్88 రిసీవరు వినడానికి అమోఘం కానీ దాదాపు 45 కిలోలు. దాన్ని క్లబ్బులోనే ఉంచడం మేలు. హీత్‌కిట్ హెచ్‌డబ్ల్యూ-101, కాలిన్స్ కేడబ్ల్యూఎం-2 లాంటివి ఒక మనిషి మోసుకెళ్లగలిగినవి. యాయెసు ఎఫ్‌టీ-101లో ట్రాన్సిస్టర్లూ వాల్వులూ రెండూ ఉంటాయి. డ్రైవరు, చివరి దశ మాత్రమే వాల్వులు కాబట్టి కొత్తవారికి మంచి మధ్యమార్గం. హాలీక్రాఫ్టర్స్ ఎస్-38 లాంటి చవక రిసీవర్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చాసిస్‌కే కరెంటు తగులుతుంది. వాటిని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎవరికీ ఇవ్వరాదు.

వెలిగించడం, ట్యూన్ చేయడం

చాలాకాలం వాడని సెట్టును నేరుగా 230 వోల్టులకు తగిలించకూడదు. అమెరికా సెట్టయితే అసలు తగిలించనేకూడదు. అది 115 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పైగా వాళ్ల కరెంటు 60 సైకిల్స్, మనది 50. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తన దేశంలో కంటే ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది. వేరియాక్‌తో వోల్టేజి గంటల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోతే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో పలచబడిన పొర మళ్లీ పట్టుకుంటుంది. కొన్ని పట్టుకోవు. వాటిని మార్చాల్సిందే. మైనం పూసిన పాత కాగితం కండెన్సర్లను పరీక్షించే శ్రమ కూడా అనవసరం, కనబడిన వెంటనే మార్చడమే.

మూత తెరిచి పనిచేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలన్నది ప్రపంచమంతా ఉన్న నియమం. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుంది. ప్లగ్గు తీసేసినా కండెన్సర్లలో వోల్టేజి నిలిచి ఉంటుంది. పొడవాటి ఎండు కర్ర చివర రాగి కొక్కెం, దానికి చాసిస్‌కు కట్టిన తీగ ఉంచుకుని, ఆ కొక్కెంతో ముందు హైటెన్షన్ లైనును తాకించాకే చేయి పెట్టాలి. చిటుక్కుమని నిప్పురవ్వ వస్తే కర్ర వాడినందుకు సంతోషించాలి.

ట్యూన్ చేయడం దగ్గరగా చూడదగ్గ పని. సెట్టు పావుగంటైనా వేడెక్కనివ్వాలి. లేకపోతే ఆసిలేటరు జారుతూనే ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఖాళీ చోటు విని చూసుకుని, ఏరియల్ బదులు డమ్మీ లోడు తగిలించి, లోడింగ్ తక్కువలో పెట్టి కీ నొక్కుతారు. మీటరు ముల్లు ఒక్కసారి పైకి లేస్తుంది. అప్పుడు ప్లేటు ట్యూనింగ్ గుండీని నెమ్మదిగా తిప్పితే ఒక చోట ముల్లు గబుక్కున కిందికి దిగుతుంది. ఆ లోయలోనే సర్క్యూటు అనునాదంలో ఉంది. లోడింగ్ కొంచెం పెంచితే ముల్లు లేస్తుంది, మళ్లీ ట్యూనింగ్‌తో దించాలి. 807 అయితే 100 మిల్లీయాంపియర్ల దగ్గర ఆగాలి. ఇదంతా విడతకు పది సెకన్లు మించకుండా జరగాలి. లోయ దొరక్క కీ అలాగే నొక్కి ఉంచితే ప్లేటు ఎర్రబడుతుంది, ఆ ఎరుపు గాజులోంచి కంటికి కనిపిస్తుంది. కొత్త సెట్లు ఈ పనంతా వాటంతటవే చేసుకుంటాయి. వాల్వు సెట్టు దగ్గర మాత్రం శక్తి ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో వేళ్లకు తెలుస్తుంది. ఈ విద్యను పుస్తకంలో చదివి రాబట్టుకోలేం. పక్కన ఒకరు కూర్చుని చూపించాలి, అందుకే క్లబ్బు.

వినేటప్పుడు ఇంకో మెలకువ ఉంది. ఇప్పటి హామ్‌లు మాట్లాడేది సింగిల్ సైడ్‌బ్యాండులో. ఏఎం కోసం తయారైన పాత రిసీవరులో ఆ మాట ముక్కుతో మూలిగినట్టు వినిపిస్తుంది. బీఎఫ్‌వో (లోపించిన వాహక తరంగాన్ని రిసీవరులోనే పుట్టించే ఆసిలేటరు) స్విచ్చు వేసి, ఆడియో గుండీని బాగా పెంచి, ఆర్‌ఎఫ్ గుండీని బాగా తగ్గించి, ట్యూనింగ్‌ను వెంట్రుకవాసి కదిపితే ఆ మూలుగు మనిషి గొంతుగా మారుతుంది.

వినుకొండ నుంచి

పల్నాటిలోని వినుకొండ నుంచి హైదరాబాదు గాలిదారిన సుమారు 200 కిలోమీటర్లు, చెన్నై 330, బెంగళూరు 410. వాల్వు సెట్టుకు ఇవి కోరి ఎంచుకున్నట్టున్న దూరాలు. 40 మీటర్ల బ్యాండుకు చెరో వైపు 33 అడుగుల రాగితీగ చాలు. దాన్ని డాబా మీది గొట్టానికీ వేపచెట్టుకూ మధ్య ఇరవై, ఇరవై అయిదు అడుగుల ఎత్తున కడితే తరంగం ఎక్కువ భాగం నిలువుగా పైకి పోయి, అయనోమండలం నుంచి వెనక్కి వచ్చి చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. పగటివేళ ఈ పద్ధతి మన అక్షాంశాల్లో బాగా పనిచేస్తుంది. పొద్దుగుంకాక 40 మీటర్లు దూరదేశాలకు తెరుచుకుంటుంది, దగ్గరి ఊళ్లు మాయమవుతాయి. అప్పుడు 80 మీటర్లకు మారాలి, తీగ పొడవు రెట్టింపు కావాలి. కరెంటు తీగలు పడినా తాకని చోటే ఏరియల్‌కు సరైన చోటు.

ఇక్కడి ఇబ్బందులు ఇక్కడివే. పొలం మోటార్లు ఆన్ అయ్యే వేళ వోల్టేజి పడుతుంది, ఆగగానే ఎగురుతుంది. హీటరు వోల్టేజి పది శాతానికి మించి అటూ ఇటూ అయితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి మంచి స్టెబిలైజరు తప్పదు. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు 7 మెగాహెర్ట్జ్ మీద ఎడతెగని గరగర పెడతాయి. వేసవి చివర హెచ్‌టీ లైన్ల ఇన్సులేటర్ల మీద దుమ్ము పేరుకుని ఒకరకం చిటపట మొదలవుతుంది, తొలకరి వాన కడిగేశాక తగ్గుతుంది. మేలో, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో ఉరుముల చప్పుడు బలహీన సంకేతాలను మింగేస్తుంది. అందుకే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పత్తి తీతలు ముగుస్తూ మిరప కల్లాలకు చేరే కాలం, ఈ పనికి మంచి అదను. గది చల్లగా ఉంటుంది, సెట్టు కూడా సుఖంగా ఉంటుంది. జనవరి 1న అమెరికా లీగ్ జరిపే స్ట్రెయిట్ కీ నైట్ మనకు ఆ ఉదయం అయిదున్నరకు మొదలవుతుంది. పాత కీ, పాత సెట్టుతో మోర్సు పలికేవాళ్లు ఎక్కువగా దొరికే రోజది. అమెరికా దాకా చేరకపోయినా చెవి అక్కడ పెట్టి ఉంచదగ్గది.

ఎర్త్ గురించి శ్రద్ధ పెట్టాలి. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంట వేసవిలో ఎండిపోతే పేరుకే ఎర్త్. నీళ్లు పోస్తుండాలి. ఉరుము వినిపించగానే ఏరియల్ తీసి బయట పడేయాలి. ఇక మన ఊళ్ల ప్రత్యేక శత్రువు బల్లి. సెట్టు వెచ్చదనానికి చాసిస్‌లో చేరి, ప్లేటు కండెన్సరు రేకుల మధ్య పాకితే షార్టయి ఫ్యూజు పోతుంది, కొన్నిసార్లు ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. గాలి ఆడే రంధ్రాలకు సన్నని జాలీ బిగించడం విదేశీ మాన్యువళ్లలో ఎక్కడా రాయని, ఇక్కడ మాత్రం అందరికంటే ముందు చేయాల్సిన పని.

వాల్వులు దొరికేచోటు

గిటారు, సంగీత యాంప్లిఫయర్ల పుణ్యమా అని ఈఎల్34, ఈఎల్84, 6ఎల్6 లాంటివి స్లొవేకియా, రష్యా, చైనాల్లో నేటికీ తయారవుతున్నాయి. ఎఫ్‌టీ-101 చివరి దశలోని 6జేఎస్6సీ లాంటివి తయారీ ఆగిపోయినవి, పాత నిల్వలే గతి. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ వీధి, ముంబయి లామింగ్టన్ రోడ్డు లాంటి బజార్లలో ఓపికతో వెతకాలి. కొన్న వాల్వును క్లబ్బు టెస్టరు మీద పెట్టి చూశాకే సెట్టులో వేయాలి. చివరి దశ జంటగా ఉండే సెట్లకు ఒకే రీతిగా పలికే రెండు వాల్వులు కావాలి, లేకుంటే భారమంతా ఒకదాని మీదే పడి అది ముందు పోతుంది. అందుకని సెట్టుతోపాటు సరిచూసిన జంట వాల్వులు, రెండు ఫ్యూజులు, డయల్ బల్బు, సర్క్యూటు పటం నకలు ఒకే పెట్టెలో పెట్టి అరువిచ్చే క్లబ్బుల సెట్లు ఎక్కువ కాలం పనిచేస్తాయి. డయల్ బల్బు చిన్నదని వదిలేయకూడదు. కొన్ని సెట్లలో హీటర్లన్నీ వరుసగా కలిపి ఉంటాయి, బల్బు కూడా ఆ వరుసలోనే ఉంటుంది. అది పోతే వాల్వుల మీద పడే వోల్టేజి మారిపోతుంది.